ఎదురు గొంతు

1946 సెప్టెంబరు 3, మంగళవారం రాత్రి అమెరికాలో సీబీఎస్ రేడియో ఒక అరగంట హాస్య కార్యక్రమం మొదలుపెట్టింది. పేరు ‘ది మెల్ బ్లాంక్ షో’. ఖర్చు భరించింది పళ్లపొడి తయారుచేసే కోల్గేట్ కంపెనీ. మరుసటి ఏడాది జూన్ 24న అది ఆగిపోయింది. పట్టుమని పది నెలలు కూడా నడవలేదు.

అంత కొద్దికాలం బతికినదాని మీద మన మైపాడు తీరంలో పుట్టిన ఒక కుర్రవాడు తెలుగులో పుస్తకం రాశాడు. వాడు నా దగ్గర చదువుకున్నాడు. నేను వాణ్ణి అబ్బయ్యా అంటాను, వాడు నన్ను అయ్యవారూ అంటాడు. ఈ ముందుమాటలోనూ ఆ వరస మార్చబోను. కాలేజీ రోజుల్లో పురమందిరం వేదిక మీద ఎన్టీఆర్‌నూ ఏఎన్నార్‌నూ గొంతులో దించి చప్పట్లు కొట్టించుకున్నవాడు. ఆ చప్పట్లు చాలనుకోలేదు. ఒక గొంతులో అన్ని గొంతులు ఎట్లా ఇముడుతాయి, ఇమిడినా వాటితో ఒక నాటకం నడుస్తుందా అని వెతుక్కుంటూ పోయి, ఎక్కడో అమెరికాలో ఎప్పుడో ఆగిపోయిన కార్యక్రమం దగ్గర తేలాడు. గెలిచిన వాటి గురించి రాసేవాళ్లకు కొదవ లేదు. అంత నేర్పున్న మనిషి ఆ ఒక్కచోట ఎందుకు నిలదొక్కుకోలేకపోయాడని ఓపికగా అడగటమే ఈ పుస్తకం విలువ. అందుకే సంతోషంగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మెల్ బ్లాంక్ 1908 మే 30న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు, ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పెరిగాడు. పంతొమ్మిదేళ్లకే, 1927లో, ఆ ఊళ్లోని కేజీడబ్ల్యూ రేడియోలో గొంతు విప్పాడు. 1933లో భార్య ఎస్టెల్‌తో కలిసి ‘కాబ్‌వెబ్ అండ్ నట్స్’ అనే కార్యక్రమం నడిపాడు. వేరే నటులను పెట్టుకునే వీలు లేదు. ముసలివాడు కావాలన్నా, చంటిపిల్లవాడు కావాలన్నా, ఊరకుక్క కావాలన్నా భార్యాభర్తలే చూసుకోవాలి. లేమిలోంచి పుట్టిన విద్య అది. హరికథ దాసుగారు ఒక్కడే రాముడూ రావణుడూ శూర్పణఖా అయినట్టు, గజ్జె కట్టిన మనిషి ఒక్కడే అయినా కథలో జనానికి కొదవ లేనట్టు. ఆ తర్వాత లాస్ ఏంజెలిస్ చేరి వార్నర్ బ్రదర్స్ కార్టూన్ సినిమాలకు గొంతిచ్చాడు. పోర్కీ అనే నత్తి పందిపిల్ల, డాఫీ అనే కోపిష్ఠి బాతు, 1940 నుంచి బగ్స్ బన్నీ అనే కుందేలు, అన్నీ ఆయన గొంతే. జీతం పెంచమంటే నిర్మాత ఒప్పుకోలేదట. అయితే తెర మీద నా పేరన్నా వెయ్యండి అన్నాడు. గొంతిచ్చినవాడి పేరు ఆ సినిమాల తెర మీద పడటం అట్లా మొదలైంది. మన డబ్బింగు కళాకారులు ఈ సంగతి తెలిసి సంతోషిస్తారు.

1946 నాటికి ఆయన గొంతు తెలియని ఇల్లు అమెరికాలో లేదనే చెప్పాలి. అటువంటి మనిషికి సొంత పేరుతో కార్యక్రమం ఇచ్చారు. కథ చిన్నది. మెల్ అనే యువకుడికి రిపేరు దుకాణం ఉంది. అక్కడికి వచ్చిన వస్తువు బాగుపడి వెళ్లటం అరుదు. బెట్టీ అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆ పాత్రకు మేరీ జేన్ క్రాఫ్ట్ గొంతిచ్చింది. బెట్టీ తండ్రి కోల్బీకి మెల్ అంటే గిట్టదు. ఆ పాత్ర జోసెఫ్ కెర్న్స్‌ది. దుకాణంలో సహాయకుడు జూకీ, మాట తడబడే కుర్రవాడు. మెల్ గొంతూ జూకీ గొంతూ బ్లాంకే. మామగారి కోపం తప్పించుకోవటానికి మెల్ ప్రతివారమూ ఎవరో ఒకరి వేషం కడతాడు, అంటే ఎవరి గొంతో ఒకటి ఎత్తుకుంటాడు. చివర్లో గుట్టు బయటపడుతుంది. వచ్చే మంగళవారం మళ్లీ అదే.

అబ్బయ్య ఈ కార్యక్రమాన్ని వినే తీరు నాకు నచ్చింది. అప్పట్లో రేడియో నాటకాలు ప్రేక్షకుల ఎదుట జరిగేవి, అదే క్షణంలో ప్రసారమయ్యేవి. పొరపాటు దిద్దుకునే అవకాశం లేదు. ఈ కార్యక్రమంలో చాలా భాగాల రికార్డులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటిలో మెల్ ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో, జూకీగా మారేముందు నాలుక ఎక్కడ ఆనించుకుంటున్నాడో, మైకుకు ఎంత ఎడంగా జరుగుతున్నాడో కూడా చెవిపెట్టి రాశాడు. కడుపులోంచి వచ్చే గొంతు, ముక్కులోంచి వచ్చే గొంతు, అంగిలికి తగిలించి తెచ్చే గొంతు, ఒక్కొక్కదానికి దవడ ఎట్లా కదులుతుందో వివరించిన అధ్యాయం మిమిక్రీ నేర్చుకునే పిలకాయలకు పాఠంగా పనికొస్తుంది. ఓరుగల్లుకు చెందిన నేరెళ్ల వేణుమాధవ్ గారు ఈ కళకు తెలుగునాట గౌరవం తెచ్చారు, శిష్యులను తయారుచేశారు, దాని మీద పుస్తకం రాశారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు, 2018లో వెళ్లిపోయారు. ఆ వరసలో ఒక కొత్త మెట్టు ఈ అధ్యాయమని నేను నిండు మనసుతో అంటున్నాను.

ఇక కార్యక్రమం ఎందుకు ఆగిందన్న చోట అబ్బయ్యకూ నాకూ చిన్న తేడా ఉంది. కథల్లో కొత్తదనం లేకపోవటమే కారణమని వాడు తేల్చాడు. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఏళ్ల తరబడి ఒకే కథ తిప్పి తిప్పి చెప్పి జనాన్ని నవ్వించిన రేడియో కార్యక్రమాలు ఆ దేశంలోనే ఉన్నాయి. వేరు ఇంకా లోతున ఉంది. ఆ వేరు వాడి పుస్తకంలోనే నాకు దొరికింది, వాడు రాసిన వివరాల్లోంచే నేను దాన్ని లాగుతున్నాను.

మెల్ మాట్లాడుతుంటే జూకీ మధ్యలో అడ్డం రాలేడు. ఇద్దరిదీ ఒకటే గొంతు. ఒకరు ముగించాకే రెండోవారు మొదలుపెట్టాలి. హాస్యంలో ప్రాణమంతా అడ్డం రావటంలోనే ఉంది. ఒకడి మాట పూర్తికాకముందే రెండోవాడు అందుకోవాలి, ఇద్దరూ ఒకేసారి అరవాలి, ఒకడు నవ్వుతుంటే ఆ నవ్వు మీదనే రెండోవాడు ఏడవాలి. ఒక్క మనిషి రెండు పాత్రలై ప్రత్యక్ష ప్రసారంలో నిలబడితే ఆ ఇద్దరూ మర్యాదస్తులైపోతారు, వంతులవారీగా మాట్లాడుకుంటారు. వినేవాడు ఆ నేర్పుకు ముక్కున వేలేసుకుంటాడు. పక్కలు పట్టుకుని నవ్వడు. అబ్బురానికీ నవ్వుకూ మధ్య ఉన్న ఈ దూరమే ఆ కార్యక్రమాన్ని దెబ్బతీసిందని నా నమ్మకం. పోర్ట్‌లాండ్ రోజుల్లో ఈ లోటు లేదు. పక్కన ఎస్టెల్ ఉండేది.

మన పెద్దలకు ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. బుర్రకథ చూడండి. నడుమ కథకుడు, ఒక పక్క రాజకీయ వంత, ఇంకో పక్క హాస్య వంత. కథకుడికి గొంతు మార్చటం చేతకాక హాస్యగాణ్ణి పక్కన పెట్టుకోలేదు. షేక్ నాజర్ వంటి మహానుభావుడికి చేతకానిదేముంది! బొబ్బిలి కోట కూలుతుంటే వీరరసంలో ఊగిపోతున్న కథకుణ్ణి పక్కనుంచి ఎవరో ఒక్క ప్రశ్నతో ఆపాలి. ఆ ఆపటంలో నవ్వు పుడుతుంది, ఆ నవ్వు మీంచి కథ మళ్లీ లేస్తుంది. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడూ బంగారక్కా తెర మీదికి వచ్చారంటే, అంతవరకూ కునుకు తీస్తున్న ముసలివాళ్లు కూడా లేచి కూర్చునేవారు. ఆ ఆట కట్టే కుటుంబాల్లో ఆడ బొమ్మలకు ఆడవాళ్లే గొంతిచ్చేవారు. మా చిన్నతనంలో పెన్న ఒడ్డు ఊళ్లలో ఆ ఆట తెల్లవార్లూ సాగేది. వాళ్లిద్దరి కయ్యం అంత రక్తి కట్టిందంటే రెండు గొంతులు ఒకదానిమీద ఒకటి పడేవి కాబట్టే.

‘మాయాబజార్’ (1957) తీసుకోండి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పాట పాడతాడు. తెర మీద సావిత్రి ఒక్కతే. గొంతులు మాత్రం రెండు, సుశీలమ్మదీ ఘంటసాలదీ. సుకుమారంగా సాగుతున్న స్వరం మీద మగగొంతు ఒక్కసారి విరుచుకుపడుతుంది, ఇల్లు దద్దరిల్లేలా నవ్వుతాం. ఒక్క మనిషిలో ఇద్దరిని చూపించాలన్నా చెవికి ఇద్దరు కావాలి. అదే సినిమాలో చిన్నమయ మన జగదేవిపేట రమణారెడ్డి. రివటలాంటి ఆ మనిషి పక్కన నిండుగా రేలంగి నిలబడ్డ సినిమాలు తలుచుకోండి. రమణారెడ్డి సాగదీసిన మాట మీద రేలంగి మాట వచ్చి పడినప్పుడల్లా హాలు హాలంతా కదిలేది. ఆ సాగదీతలో మన నెల్లూరు యాస ఉందని మేము గర్వంగా చెప్పుకునేవాళ్లం, ఇప్పటికీ చెప్పుకుంటాం.

బ్లాంక్ దగ్గరికే వస్తాను. సొంత కార్యక్రమంలో దొరకనిది ఆయనకు మరొకరి కార్యక్రమంలో పుష్కలంగా దొరికింది. జాక్ బెన్నీ అనే హాస్యనటుడి కార్యక్రమంలో 1939 నుంచి ఆయన చిన్నాచితకా పాత్రలు వేసేవాడు. మొదట ఇచ్చింది కార్మైకేల్ అనే ధ్రువపు ఎలుగుబంటి పాత్ర. మాటలే లేవు, గుర్రుమనటమే పని. తర్వాత చిలక, రైల్వేస్టేషనులో ఊళ్ల పేర్లు చదివే మనిషి, విసిగిపోయిన వయొలిన్ మాస్టారు. అన్నిటికన్నా పేరొచ్చింది బెన్నీగారి డొక్కు మాక్స్‌వెల్ కారు. కారు శబ్దానికి రికార్డు తయారుగా పెట్టుకున్నారు. ప్రసారం నడుస్తుండగా అది పలకలేదు. క్షణం ఆలస్యమైతే నాటకం పాడవుతుంది. బ్లాంక్ మైకు దగ్గరికి ఉరికి దగ్గుతూ, తుమ్ముతూ, ఎగశ్వాస తీస్తూ కారు అయిపోయాడు. ఆ రోజు నుంచి ఆ కారు ఆయనదే. అబ్బయ్య ఈ ఘట్టానికి పేజీలకు పేజీలు ఇచ్చాడు. ఒక్క వాక్యం కూడా తగ్గించవద్దని నేనే చెప్పాను.

బెన్నీ గొప్పతనం ఊరుకోవటంలో ఉంది. ఎదుటివాడు ఏమన్నా తొణకడు. ఎంతసేపు మౌనంగా ఉండాలో అంతసేపు ఉంటాడు. ఆ మౌనం ఆనకట్టలా నిలబడబట్టే బ్లాంక్ గొంతులన్నీ దాని మీద పొంగి పొర్లాయి. ఇద్దరూ కలిసి ఆడిన ఒక ప్రశ్నోత్తరాల ఆట ఉంది. బెన్నీ ఎంత పొడుగు ప్రశ్న వేసినా బ్లాంక్ ముఖంలో కదలిక లేకుండా సకారంతో మొదలయ్యే ఒక్క ముక్క జవాబు ఇస్తాడు. గొంతు మార్చడు, అరవడు. వెయ్యి గొంతుల మనిషి ఒక్క గొంతుతో, ఒక్క అక్షరంతో అమెరికా అంతటినీ నవ్వించాడు. ఎదురుగా సరైన మనిషి ఉంటే ఎంత తక్కువతో పని జరుగుతుందో ఇంతకన్నా చక్కగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు.

మరి కార్టూన్లలో కుందేలూ బాతూ రెండూ ఆయనే కదా, అక్కడ పోట్లాట ఎట్లా పండింది అని ఎవరైనా అడగవచ్చు. 1951లో వచ్చిన ‘రాబిట్ ఫైర్’లో ఆ రెండూ వాదించుకునే తీరు ఎన్ని తరాలు చూసినా పాతబడదు. సినిమాలో రికార్డు చేసిన మాటల్ని కోసి, దగ్గరికి జరిపి, అతికించుకునే వీలుంది. డాఫీ గొంతునైతే వేగం పెంచి వాడేవారు. దర్శకుడు చక్ జోన్స్ కత్తెర అక్కడ రెండో మనిషి పని చేసింది. పైగా వాటిని తరుముకొచ్చే వేటగాడు ఎల్మర్ గొంతు బ్లాంక్‌ది కాదు, ఆర్థర్ క్యూ. బ్రయన్ అనే వేరే నటుడిది.

ఇదే సంగతి మన ఊరివాడి దగ్గర మళ్లీ కనిపిస్తుంది. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టాడు. తండ్రి సాంబమూర్తిగారు హరికథ చెప్పేవారు. ఒక్క మనిషి నలుగురై పలకటం ఆ ఇంట్లో నిత్యకృత్యం. బాలు పాట గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. ఆయన మాట గురించి మాత్రం తెలుగువాళ్లు చెప్పుకోవలసినంత చెప్పుకోలేదు. కమల్‌హాసన్‌కు ఏళ్ల తరబడి తెలుగు గొంతు ఆయనే. ‘గాంధీ’ తెలుగులోకి వచ్చినప్పుడు బెన్ కింగ్‌స్లీకి మాటలిచ్చాడు, ‘అన్నమయ్య’లో వేంకటేశ్వరస్వామిగా వేసిన సుమన్‌కు ఇచ్చాడు. 2008లో వచ్చిన ‘దశావతారం’ తెలుగు ప్రతిలో కమల్ వేసిన పది పాత్రల్లో ఏడింటికి బాలుదే గొంతు, ముసలమ్మతో సహా. డబ్బింగు థియేటరులో ఒక్కొక్క గొంతునూ విడివిడిగా రికార్డు చేసుకోవచ్చు. ఒకదాని మీద ఒకటి పరచుకోవచ్చు. ఆయన తనకు తానే అడ్డం రాగలిగాడు. 1946లో సీబీఎస్ మైకు ముందు నిలబడ్డ బ్లాంక్‌కు ఆ భాగ్యం లేదు. ఈ పుస్తకంలో బాలు మీద రెండు పేజీలే ఉన్నాయి. రెండో కూర్పులో అది ఒక పూర్తి అధ్యాయం కావాలని అబ్బయ్యను గట్టిగా అడుగుతున్నాను.

పుస్తకంలో నన్ను కదిలించిన చోటు ఇంకొకటి. 1961 జనవరి 24న బ్లాంక్ లాస్ ఏంజెలిస్‌లో ఘోరమైన కారు ప్రమాదంలో చిక్కుకున్నాడు. రోజులు గడిచినా స్పృహ లేదు. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. చివరికి వైద్యుడొకరు, బగ్స్ బన్నీ, ఎట్లా ఉన్నావని అడిగారు. కుందేలు గొంతులో జవాబొచ్చింది. అప్పటికి ఆయన ‘ఫ్లింట్‌స్టోన్స్’ అనే కార్టూన్ ధారావాహికలో బార్నీ పాత్రకు గొంతిస్తున్నాడు. కోలుకుంటున్న దశలో మంచం దగ్గరికే మైకు తెప్పించుకుని ఆ పని కొనసాగించాడు. అబ్బయ్య దీన్ని వింతగా చెప్పి వదిలెయ్యలేదు. సరైన పేరుతో ఎవరో ఒకరు పిలవాలి, అప్పుడే ఆ గొంతు లేస్తుందని రాశాడు. నేను పైన ఇంత పొడుగున వాదించినదాన్ని వాడు ఒక్క మాటలో అనేశాడు. ఆ పేజీ చదివాక మా ఇద్దరి మధ్య తేడా పెద్దది కాదనిపించింది. బ్లాంక్ 1989 జూలై 10న కన్నుమూశాడు, చివరివరకూ గొంతు ఇస్తూనే ఉన్నాడు.

ఇక మన రేడియో సంగతి. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. మన నెల్లూరికి ఆ కేంద్రం పక్కిల్లు లాంటిది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరమ్మగారు పిల్లల కోసం మాట్లాడింది అక్కడినుంచే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. బందా కనకలింగేశ్వరరావుగారు, నండూరి సుబ్బారావుగారు వంటివారి గొంతులు ఇళ్లలోకి వచ్చాయి. తపాలా ఆఫీసులో లైసెన్సు రుసుము కట్టి రేడియో పెట్టుకున్న ఇంటి అరుగు మీద నాటకం రోజున వీధి వీధంతా కూర్చునేది. హైదరాబాదు కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం మాటకు మాట అనుకుంటుంటే వినటం కోసం పనివేళలు సర్దుకున్నవాళ్లు ఉన్నారు. ఆ నాటకాల్లో చాలావాటికి రికార్డు లేదు. కొన్నిటిని చెరిపి అదే టేపు మీద వేరొకటి ఎక్కించారు. హైదరాబాదు కేంద్రంలో దశాబ్దాలపాటు నటించిన శారదా శ్రీనివాసన్ గారు తన రేడియో అనుభవాలు పుస్తకంగా రాశారు కాబట్టి కొంత మిగిలింది. రాయనివారి సంగతి వారితోనే పోయింది. పది నెలల్లో ఆగిన ఒక అమెరికా కార్యక్రమం దాదాపు మొత్తంగా దొరుకుతూ, మనల్ని ఏళ్లకేళ్లు నవ్వించిన గొంతులు దొరక్కపోవటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పుస్తకంలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. నడుమ అధ్యాయాల్లో కథాసంగ్రహాలు ఎక్కువయ్యాయి. ఒకే రకం కథల్ని వరసగా చెప్పటం వల్ల చదివేవాడికి కాస్త అలుపు వస్తుంది. అమెరికా పేర్లు ఒక్కోసారి గుంపుగా వచ్చి మీద పడతాయి. వీటిని దాటుకుని వెళ్లినవారికి మాక్స్‌వెల్ కారు ఉంది, గొంతు మార్పిడి పాఠం ఉంది, ఆసుపత్రి పేజీ ఉంది. వాక్యం తేటగా ఉంది. అవసరమైన చోట మన నెల్లూరు మాటే వాడాడు, మొహమాటపడలేదు. మిమిక్రీ చేసే పిలకాయలూ, రేడియో నాటకం రాయాలనుకునేవాళ్లూ, డబ్బింగు థియేటర్లలో పేరు లేకుండా పనిచేస్తున్న కళాకారులూ దీన్ని కొని చదవాలని కోరుతున్నాను.

అబ్బయ్యా, ఈ పుస్తకం అచ్చుకు వెళ్లగానే నీకు ఇంకో పని ఉంది. కావలి, గూడూరు, కోవూరు, వెంకటగిరి వైపు పాత టేపురికార్డర్లు ఇంకా దాచుకున్న ఇళ్లున్నాయి. రేడియోకు ఆనించి నాటకాలు పట్టుకున్న క్యాసెట్లు బీరువాల అడుగున పడి ఉంటాయి. ఉప్పుగాలికి ఆ టేపు ఎక్కువ కాలం ఆగదు. ఒక్కడివే వెళ్లకు, తోడు తీసుకుపో. ఒకరు వింటుంటే ఒకరు రాసుకోవచ్చు. నాకు తెలిసినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టాను, ఇంటికి వచ్చి తీసుకో.

నిండు ఆశీస్సులతో,
మీ అయ్యవారు
నెల్లూరు